మూడు సెంటీమీటర్లు, తొమ్మిది రోజులు: ఒక పందుల ఫార్మ్‌లో గెటా వైరస్ కేసు

ముందే ఒక మాట, ఇది కొత్త వైరస్‌ని కనిపెట్టిన కథ కాదు. గెటా వైరస్‌ని 1955లోనే మలేసియాలో క్యూలెక్స్ దోమల్లోంచి తీశారు. మలయ్ భాషలో గెటా అంటే చెట్టు జిగురు, రబ్బరు పాలు. ఇప్పుడు అందరూ దీన్ని ఎమర్జింగ్ (కొత్తగా తలెత్తుతోంది) ఎమర్జింగ్ అంటున్నారంటే నిన్న పుట్టిందని కాదు, గుర్రాల్లో పందుల్లో కొత్తగా దెబ్బ కొడుతోందని, ఇంకో పక్క మనం వెతకడం ఇప్పుడే మొదలుపెట్టామని. నేను ఈ కేసు రాయడానికి కారణం వేరే ఉంది. వైరస్ దొరకడానికి మాకు నెల కూడా పట్టలేదు, ఆ ఫార్మ్‌లో పందిపిల్లల్ని చంపింది ఆ వైరసే అని ధైర్యంగా చెప్పడానికి మాత్రం దాదాపు ఏడాది పట్టింది, ఆ రెండో ముక్క గురించి ఎవరూ పెద్దగా రాయరు. ఫార్మ్ పేరు, ఊరు చెప్పను, ఓనరుకి మాటిచ్చాను.

ఫోన్ చేసింది సూపర్‌వైజర్. "డాక్టరు గారూ, పిల్లలు పుట్టడం పుట్టడమే వణుకుతున్నాయండి, నాలుక ఆడిస్తున్నాయి, చన్ను పట్టట్లేదు, మూడో రోజుకి పోతున్నాయి" అన్నాడు. పెద్ద పందులకి ఏమైనా జ్వరం ఉందా అంటే రెండు మూడు ఒక పూట మేత వదిలేశాయి అంతే అన్నాడు. ఎండిపోయిన పిండాలు ఏమైనా వస్తున్నాయా అని నేను అడిగితే, "అవి వారం నుంచీ వస్తున్నాయండి, పాతేశాం" అన్నాడు. అదిగో, మొదటి దెబ్బ అక్కడే పడింది. పాతిపెట్టినవాళ్ళని తప్పు పట్టలేం, ఎవరైనా అదే చేస్తారు, కానీ ఆ గుంటలో పోయింది మాకు కావాల్సిన సాక్ష్యం.

వెళ్ళి చూశాం. మూడొందల దాకా తల్లి పందులు, మంచి షెడ్లు, టీకాల రికార్డు నీట్‌గా ఉంది, పార్వో (కడుపులో పిండాల్ని చంపే వైరస్) వేస్తున్నారు, క్లాసికల్ స్వైన్ ఫీవర్ (పందుల జ్వరం) వేస్తున్నారు, జేఈ (జపనీస్ ఎన్‌సెఫలైటిస్, దోమలు మోసే మెదడువాపు) కూడా వేశారు. ఈతల రిజిస్టర్ తీస్తే ఆ పది రోజుల్లో ఈనిన తొలిచూలు పందులు తొమ్మిది, అందులో ఆరింటికి మమ్మీలో (కడుపులోనే చచ్చి ఎండిపోయిన పిండాలు), చచ్చిపుట్టినవో, వణికే పిల్లలో, లేదంటే ఈ మూడూ కలిసో ఉన్నాయి. రెండో ఈత, మూడో ఈత పందుల్లో కూడా ఉంది కానీ తక్కువ. షెడ్ల వెనక వ్యర్థాల నీళ్ళు పోయే గుంట, దాని గట్టంతా గడ్డి, అవతల కొన్ని వారాల కింద పడ్డ వానలకి నిలిచిపోయిన నీళ్ళు. సాయంత్రం ఆరున్నరకి అక్కడ నిలబడితే చేతులు ఊరికే ఉండవు, కొట్టుకుంటూనే ఉండాలి.

ఇక్కడే నాలో నేను జాగ్రత్త పడ్డా. దోమలు కనిపించాయి కాబట్టి దోమల వైరస్ అనుకోవడం చాలా ఈజీ, చాలా ప్రమాదం కూడా. 1998-99లో మలేసియాలో అదే జరిగింది, పందులు, పందుల దగ్గర పనిచేసేవాళ్ళు జబ్బు పడితే జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అనుకుని మందు పొగ కొట్టారు, టీకాలేశారు, అయినా జనం పోతూనే ఉన్నారు, చివరికి 1999 మార్చిలో చువా కా బింగ్ అనే డాక్టరు పేషెంట్ శాంపిల్‌లోంచి వైరస్‌ని పెంచి చూస్తే అది నిపా అని తేలింది, దానికి దోమతో సంబంధమే లేదు, పంది నుంచి నేరుగా మనిషికి. వందకి పైగా మనుషులు పోయారు, పది లక్షలకి పైగా పందుల్ని చంపాల్సి వచ్చింది. ఇంకోటి 1997లో ఆస్ట్రేలియాలో మెనాంగిల్ వైరస్, అది కూడా మమ్మీలు, వంకర పిల్లలు అనే కంప్లయింట్‌తోనే బయటపడింది, వచ్చింది గబ్బిలాల నుంచి, ఆ ఫార్మ్ పనితో సంబంధం ఉన్న ఇద్దరికి కూడా అంటింది. కాబట్టి మొదటి రోజే అందరికీ గ్లోవ్స్, మాస్కు, కళ్ళజోడు, పోస్ట్‌మార్టం కోతలన్నీ ఒకే చోట, పిల్లపందుల్ని చేత్తో ఎత్తుకుని ముద్దు చేయడం బంద్. జేఈ కూడా లిస్టులో ఉంది కాబట్టి జంతు ఆరోగ్య అధికారులకి ఆ సాయంత్రమే కబురు పెట్టాం. రిజల్ట్ వచ్చాక చెబుదాంలే అనుకునే వ్యవహారం కాదది.

నేను చేసిన తప్పు

మొదటి విజిట్‌లో నేను తీసిన శాంపిల్స్ చూసి ఇప్పటికీ సిగ్గేస్తుంది. మూడు మమ్మీలు, రెండు చచ్చిపుట్టిన పిల్లలు (ఎప్పుడు చచ్చాయో తెలీదు, వాసన వచ్చేశాయి), ఆ ఈనిన తల్లుల రక్తం. మూడూ పనికిరానివే దాదాపు. దోమ మోసే ఇలాంటి వైరస్‌లు రక్తంలో ఉండేది రెండు మూడు రోజులు, ఇంకొంచెం లాగితే నాలుగైదు. తల్లికి కుట్టింది నెలన్నర కింద, ఇప్పుడు ఈనింది కదా అని ఇప్పుడు రక్తం తీస్తే అందులో వైరస్ ఎందుకుంటుంది? దొంగతనం జరిగిన నెలన్నరకి వెళ్ళి ఇంట్లో దొంగ ఉన్నాడేమో అని వెతికినట్టు. మమ్మీలో అయితే వైరస్ ఆర్‌ఎన్‌ఏ అప్పటికే ముక్కలైపోయుంటుంది, పార్వో డీఎన్‌ఏ వైరస్ కాబట్టి అది మమ్మీలో దొరుకుతుంది, ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లకి ఆ సుఖం లేదు.

అనుకున్నట్టే పీసీఆర్ (వైరస్ జన్యువుని వెతికే పరీక్ష) ప్యానెల్ మొత్తం నెగటివ్, ఒక్క పీసీవీ2 (పందుల సర్కోవైరస్) మాత్రం వీక్ పాజిటివ్. ఒక ప్రైవేట్ ల్యాబ్‌కి ఓనరు విడిగా పంపించుకున్న శాంపిల్‌లో కూడా అదే వచ్చింది, వాళ్ళు రిపోర్ట్ కింద "పీసీవీ2 వల్ల పునరుత్పత్తి సమస్య" అని రాసిచ్చేశారు. ఓనరు ఆ కాగితం పట్టుకుని "జబ్బు తెలిసిపోయింది కదా డాక్టరు గారూ, ఇంక వ్యాక్సిన్ మారిస్తే సరిపోతుంది" అన్నారు. నిజం చెప్పాలంటే నాకూ ఒక పూట అలాగే అనిపించింది, ఫైలు మూసేయడానికి అంతకన్నా మంచి కాగితం దొరకదు. కానీ ఏ ఫార్మ్‌లో ఏ పంది దగ్గర తీసినా పీసీవీ2 ఎంతో కొంత వస్తుంది, అది దొరకడం వేరు, అది చేయడం వేరు. పిండం గుండె కండరంలో గాయం ఉండాలి, అక్కడే వైరస్ కుప్పలుగా ఉండాలి, అప్పుడు కదా ఆ మాట. మా మైక్రోస్కోప్ స్లైడ్లలో గుండె బానే ఉంది.

పిండాల్ని కొలిచాం

శాంపిల్స్ చెడిపోయాయి కానీ మమ్మీలు ఒక పనికొచ్చాయి, వాటికి పొడవుంది కదా. పంది పిండాన్ని నడినెత్తి నుంచి తోక మొదలు దాకా సెంటీమీటర్లలో కొలిచి మూడుతో గుణించి 21 కలిపితే అది ఎన్నో రోజున పెరగడం ఆగిపోయిందో సుమారుగా వచ్చేస్తుంది. పాత లెక్క, రెండు మూడు రోజులు అటూ ఇటూ. పంది చూలు 114 రోజులు. ఈ రెండు అంకెలూ, ఈనిన తేదీ, అంతే, ఇంకే మెషీనూ అక్కర్లేదు, ఒక టేపు చాలు. 35 రోజుల లోపు పోయినవి కరిగిపోతాయి, ఎముక గట్టిపడ్డాక పోయినవే మమ్మీలవుతాయి కాబట్టి మనకి కనిపించేవి ఆ తర్వాతవే.

సూపర్‌వైజర్‌ని పాతిపెట్టొద్దని చెప్పి, ప్రతి ఈతలో అన్నిటికన్నా చిన్న మమ్మీని పక్కన పెట్టి పొడవు, తేదీ రాయమన్నా. చిన్నదే ఎందుకంటే ముందు చచ్చింది అదే. ఒక తొలిచూలు పంది ఈనితే చిన్న మమ్మీ 17 సెంటీమీటర్లు, అంటే 72వ రోజు, అంటే ఈనడానికి 42 రోజుల ముందు. తొమ్మిది రోజుల తర్వాత ఇంకోటి ఈనింది, దాంట్లో చిన్నది 14 సెంటీమీటర్లు, 63వ రోజు, అంటే ఈనడానికి 51 రోజుల ముందు. మామూలుగా చూస్తే రెండూ వేరు వేరు కథలు. క్యాలెండర్ మీద పెట్టండి, రెండూ ఒకే రోజు! వెనకాల ఈనిన వాటిలో మమ్మీలు చిన్నవవుతూ పోతున్నాయి, కానీ చావు తేదీలు మాత్రం ఒకే పదిహేను రోజుల సందులో పడుతున్నాయి, అది కూడా వేర్వేరు షెడ్లలో, చూలు వేర్వేరు దశల్లో ఉన్న పందుల్లో.

నాకు ఈ మొత్తం కేసులో బాగా నచ్చిన సాక్ష్యం ఇదే, తర్వాత చేసిన సీక్వెన్సింగ్ (వైరస్ జన్యు అక్షరాలు చదవడం) కాదు. పార్వో లాంటిదైతే షెడ్‌లో ఒక గది నుంచి ఇంకో గదికి పాకుతూ పోతుంది, తేదీలు కూడా పాకుతాయి. ఇక్కడ ఫార్మ్ మొత్తం మీద ఒకేసారి ఏదో పడింది. మేతలో విషం కూడా అలా పడొచ్చు, బూజు పట్టిన మొక్కజొన్న వల్ల వచ్చే జియరలెనోన్ కూడా ఈ లిస్టులో ఉంటుంది, అందుకే మేత బ్యాచ్‌లు చూశాం, తొలిచూలు వాటికీ పెద్దవాటికీ ఒకే మేత, మరి తొలిచూలు వాటికే ఎక్కువ దెబ్బ ఎందుకు? అంటే పెద్దవాటికి ముందే కొంత ఇమ్యూనిటీ ఉంది, అంటే ఇది విషం కాదు, తిరిగి తిరిగి వచ్చే వైరస్ ఏదో. ఆ పదిహేను రోజులు వానలు ఆగి నీళ్ళు నిలబడ్డ రోజుల తర్వాత వచ్చాయి. అప్పుడు దోమ మాట మళ్ళీ బయటికి తీశాం, ఈసారి కారణంతో.

రెండో విజిట్

ఈసారి ముందు రోజు రాత్రే వెళ్ళి ఈనే షెడ్‌లో కూర్చున్నాం. కావాల్సింది మూడు రకాలు. వణుకుతున్న పిల్ల, మా కళ్ళ ముందు పోయినది, గంట లోపల కోసి మెదడు, టాన్సిల్, ప్లీహం, మాయ ముక్క, గుండెలోంచి రక్తం. టాన్సిల్ ఎందుకంటే జేఈ లాంటివి రక్తంలోంచి మాయమైపోయాక కూడా టాన్సిల్‌లో వారాల తరబడి దాక్కుంటాయి, 2016లో స్విట్జర్లాండ్‌లో చేసిన పనిలో దాదాపు 25 రోజుల దాకా కనిపించింది, పైగా దోమ లేకుండానే ముక్కు నోటి ద్వారా పక్క పందికి అంటుతుందని కూడా అదే పనిలో చూపించారు. రెండోది, ఆ పూట మేత వదిలేసి ఒళ్ళు వెచ్చగా ఉన్న పందుల రక్తం. మూడోదే అన్నిటికన్నా విలువైనది, జున్నుపాలు తాగకముందు పిల్ల రక్తం.

దీని గురించి కొంచెం చెప్పాలి. పందుల్లో మాయ పొరలు మందం, తల్లి యాంటీబాడీలు కడుపులో ఉండగా పిల్లకి దాటవు, అన్నీ జున్నుపాల ద్వారానే అందాలి. కాబట్టి ఒక్క చుక్క కూడా తాగని పిల్ల రక్తంలో యాంటీబాడీ ఉందంటే అది ఆ పిల్ల సొంతంగా తయారుచేసుకున్నదే, అంటే కడుపులోనే వైరస్ దాన్ని చేరింది. పిండానికి ఆ శక్తి సుమారు 70వ రోజు తర్వాత వస్తుంది. ఆరోగ్యంగా కనిపించే పిల్లలో కూడా ఇది దొరుకుతుంది కాబట్టి చచ్చినవాటి కోసం ఎదురుచూడక్కర్లేదు. కష్టం ఏంటంటే పిల్ల పుట్టిన నిమిషాల్లో చన్ను దగ్గరికి పోతుంది, మనిషి అక్కడే ఉండి పట్టుకోవాలి, అర్ధరాత్రి రెండింటికి. మా కుర్రాడు ఆ రాత్రి పదకొండు పిల్లల్ని పట్టాడు, ఒక పంది కొట్టిన దెబ్బకి మోకాలు వాచింది.

అన్నీ డ్రై ఐస్‌లో పెట్టాం, స్లైడ్ల కోసం విడిగా ఫార్మలిన్‌లో. ఫార్మలిన్‌లో వేసిందే పంపి వైరస్ పెంచండి అనేవాళ్ళు ఇంకా ఉన్నారు, అది కుదరదు, ఫార్మలిన్‌లో పడ్డ వైరస్ బతకదు.

ప్యానెల్ మళ్ళీ పెట్టాం. పీఆర్‌ఆర్‌ఎస్ (ఈతల్నీ ఊపిరితిత్తుల్నీ దెబ్బతీసే పంది వైరస్), పార్వో, క్లాసికల్ స్వైన్ ఫీవర్, సూడోరేబీస్ (పందుల హెర్పిస్ వైరస్) నెగటివ్. జేఈ నెగటివ్. జేఈ నెగటివ్ వచ్చినప్పుడు ల్యాబ్‌లో ఒకళ్ళు "అయితే దోమల సంగతి కాదన్నమాట" అన్నారు. ఈ ఒక్క వాక్యం వల్ల ఎన్ని ఫైళ్ళు మూతపడుంటాయో! జేఈ ఫ్లావివైరస్ కుటుంబానిది, దాని ప్రైమర్లు (పీసీఆర్‌లో జన్యువుని పట్టుకునే చిన్న ముక్కలు) ఫ్లావివైరస్‌నే పట్టుకుంటాయి. దోమ మోసేవి ఇంకా చాలా కుటుంబాలున్నాయి, చికున్‌గున్యా ఉండే ఆల్ఫావైరస్ జాతి ఒకటి, బన్యా వైరస్‌లు ఒకటి.

ప్లీహం, మెదడు రుబ్బి వడగట్టి వీరో అనే కోతి కిడ్నీ కణాల మీద, సీ6/36 అనే దోమ లార్వా కణాల మీద పోశాం. వీరోలో మొదటి పాసేజ్‌లో ఏమీ లేదు, పారేయకుండా ఆ ద్రవాన్ని కొత్త కణాల మీద పోసి రెండో పాసేజ్ పెట్టాం, రెండో రోజుకి కణాలు గుండ్రంగా ముడుచుకుని ఊడిపోతున్నాయి. దోమ కణాలు మాత్రం చూడ్డానికి బానే ఉన్నాయి, వాటిలో వైరస్ పెరిగినా కణం పాడవకపోవచ్చు, అందుకే కంటితో చూసి వదిలేయకూడదు, పైనున్న ద్రవాన్ని పీసీఆర్ పెట్టాలి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో పొర ఉన్న గుండ్రటి కణాలు, దాదాపు 70 నానోమీటర్లు. ఫ్లావి అయితే 50 దగ్గర ఉంటాయి. ఆ 20 నానోమీటర్ల తేడా చూసే ఆల్ఫావైరస్‌ల మొత్తాన్నీ పట్టే ప్రైమర్లు తీశాం. పాజిటివ్.

వెంటనే గుండెల్లో రాయి పడింది. ఎందుకంటే ఆ పీసీఆర్‌కి మా ల్యాబ్‌లో వాడే పాజిటివ్ కంట్రోల్ (పరీక్ష పనిచేస్తోందో లేదో చూడటానికి పక్కన పెట్టే తెలిసిన వైరస్) చికున్‌గున్యా. కంట్రోల్ చుక్క ఎగిరి శాంపిల్‌లో పడిందేమో అని అందరం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం. ఆ రాత్రి ఎవరికీ ఏమీ చెప్పలేదు, ఓనరుకి కూడా. ముక్కని సీక్వెన్సింగ్‌కి పంపితే మూడో రోజు వచ్చింది, గెటా. గెటా మా ల్యాబ్ ఫ్రీజర్‌లో ఎన్నడూ లేదు, కాబట్టి కంటామినేషన్ భయం పోయింది. అయినా కల్చర్‌లో పెరిగినదాన్నే నమ్మకుండా అసలు ప్లీహం ముక్కలోంచి మళ్ళీ కొత్తగా ఆర్‌ఎన్‌ఏ తీసి, వేరే గదిలో, వేరే మనిషి చేస్తే అదే వచ్చింది. తర్వాత మొత్తం జీనోమ్ చదివించాం, సుమారు 11,700 అక్షరాలు. ఆ మెటాజీనోమిక్స్ (శాంపిల్‌లో ఉన్న జన్యువులన్నీ ఒకేసారి చదవడం) డేటా మొదటిసారి చూసేవాళ్ళకి ఒక హెచ్చరిక, అందులో రెట్రోవైరస్ రీడ్స్ (చదివిన ముక్కలు) వేలల్లో కనబడతాయి, కంగారు పడకండి, అవి పంది సొంత జీనోమ్‌లోనే తరతరాలుగా కూర్చుని ఉన్నవి.

వైరస్ దొరికింది, అయితే?

చాలా రిపోర్టులు ఇక్కడ ఆగిపోతాయి. ఓనరు కూడా "మరి ఇదే కదా" అన్నారు. ఇదే అని నేను అనలేదు. కొన్ని రోజుల కింద పీసీవీ2 విషయంలో నేను చెప్పిన మాట నాకే వర్తిస్తుంది కదా, దొరకడం వేరు చేయడం వేరు.

గెటా పందుల్లో చాలాసార్లు ఏ లక్షణమూ లేకుండా వచ్చి పోతుంది. గుర్రాలకి మాత్రం జ్వరం, ఒంటిమీద దద్దుర్లు, కాళ్ళ వాపు. జపాన్‌లో మిహో ట్రైనింగ్ సెంటర్‌లో రేసు గుర్రాల్లో 1978లో పెద్దగా వచ్చింది, 2014లో మళ్ళీ అక్కడే వచ్చింది, ఆ రెండోసారి చుట్టుపక్కల పందుల్లో వైరస్ బాగా తిరిగిందని తర్వాత చూశారు. మన దేశంలో కూడా 1990లో గుర్రాల్లో బయటపడింది. పందుల్లో చావుల సంగతికొస్తే 1980ల్లో జపాన్‌లోనే అప్పుడే పుట్టి చచ్చిన పిల్లల్లోంచి వైరస్ తీశారు, ఆ వైరస్‌ని పందిపిల్లలకి ఎక్కిస్తే ఇవే వణుకులు వచ్చాయి. 2017లో చైనాలోని హునాన్‌లో ఒక ఫార్మ్‌లో పిల్లల చావులు, మమ్మీలు రెండూ కలిసి వచ్చాయి. కాబట్టి చేయగల వైరసే. మా ఫార్మ్‌లో చేసిందా అన్నది మా ప్రశ్న.

మూడు పక్కల నుంచి వెళ్ళాం. జున్నుపాలు తాగని పిల్లల సీరం న్యూట్రలైజేషన్ (సీరం వైరస్‌ని ఆపుతుందేమో చూసే పరీక్ష) పెడితే చెడిన ఈతల్లో ఎక్కువ పిల్లల్లో యాంటీబాడీ ఉంది, బాగున్న ఈతల్లో ఒక్కదాంట్లోనే కనిపించింది. ఇక్కడ ఒక చిక్కు, గెటా, చికున్‌గున్యా, రాస్ రివర్, సెమ్లికి ఫారెస్ట్ అన్నీ ఒకే గుంపు, ఒకదాని యాంటీబాడీ ఇంకోదాన్ని కొంత పట్టుకుంటుంది, అందుకని పక్కనే చికున్‌గున్యాతో కూడా పెట్టి చూశాం, గెటా టైటర్లు (యాంటీబాడీ మోతాదు) నాలుగు రెట్లకి పైనే ఉన్నాయి. ఎలైసా (యాంటీబాడీ ఉందో లేదో చూసే మామూలు పరీక్ష) పాజిటివ్ ఒక్కటి చూసి పేరు పెట్టేయకూడదని అందుకే అనేది.

రెండోది మా అదృష్టం. పీఆర్‌ఆర్‌ఎస్ మానిటరింగ్ కోసం నెలనెలా తీసిన సీరం ట్యూబులు ఫ్రీజర్‌లో ఉన్నాయి, పారేద్దామని ఎవరో రెండుసార్లు అన్నారు, నేనే బద్ధకించాను. అవే తొలిచూలు పందుల పాత ట్యూబులు తీసి చూస్తే వానల ముందు నెలలో నెగటివ్, తర్వాతి నెలలో పాజిటివ్. టేపు పెట్టి కొలిచిన మమ్మీల తేదీ, ఫ్రీజర్ ట్యూబుల తేదీ ఒకే నెలలో కలిశాయి. ఒకదాని సంగతి ఒకదానికి తెలియని రెండు లెక్కలు. ఆ రోజు ల్యాబ్‌లో కాసేపు ఎవరం మాట్లాడలేదు.

మూడోది కొంచెం ఇబ్బంది పెట్టింది, అది కూడా రాయాలి. పెద్ద పందుల పాత ట్యూబులు చూస్తే చాలావాటిలో అంతకు ముందు ఏడాదే యాంటీబాడీ ఉంది! అంటే ఈ వైరస్ ఇక్కడ ముందే తిరుగుతోంది, మరి అప్పుడు ఎందుకు గొడవ కాలేదు? రిజిస్టర్ మళ్ళీ తిరగేస్తే అప్పట్లో చూలు మొదటి సగంలో ఉన్న తొలిచూలు పందులు చాలా తక్కువ, ఈ ఏడాది షెడ్ పెంచడం వల్ల కొత్తవి ఒకేసారి ఎక్కువ కట్టించారు, సరిగ్గా వానలకి ముందు. వైరస్ మారిందేమో అని జీనోమ్‌లో ఈ2 అనే వైరస్ పైపొర ప్రొటీన్ దగ్గర మార్పులు వెతికే ఉత్సాహం అందరికీ ఉంది, నాకూ ఉంది, కానీ మా ఉద్దేశంలో మారింది వైరస్ కంటే ముందు ఫార్మ్ క్యాలెండర్. ఇమ్యూనిటీ లేని చూలు పందులు ఎక్కువగా ఉన్న వారాల్లో దోమ వచ్చింది, అంతే.

దోమలు

డ్రై ఐస్ కట్టిన లైట్ ట్రాపులు నాలుగు, షెడ్ లోపల రెండు, గుంట గట్టున రెండు. పొద్దున్నే తీసి చల్లటి పళ్ళెం మీద జాతులవారీగా వేరుచేసి యాభైకి మించకుండా గుంపులు కట్టడం, ఇది కళ్ళు పోయే పని. ఎక్కువ వచ్చింది క్యూలెక్స్ ట్రైటీనియోరింకస్, జేఈని మోసేది కూడా ఇదే, నిలవ నీళ్ళలో పెరిగి పొద్దుగూకాక కుడుతుంది. రెండోది ఆర్మిజెరెస్ సుబాల్బేటస్, పెద్దగా, ముక్కు కొంచెం కిందికి వంగి ఉంటుంది, దీనికి మురుగు నీళ్ళంటే ప్రాణం, వ్యర్థాల గుంట దీనికి పుట్టినిల్లు.

గెటా పాజిటివ్ గుంపులు వచ్చాయి. కానీ అవి రక్తం తాగి ఎర్రగా ఉబ్బిన దోమల గుంపులు. పంది రక్తంలో వైరస్ ఉంటే దాన్ని తాగిన ఏ దోమ కడుపులోనైనా వైరస్ దొరుకుతుంది, అది దోమ మోస్తోందనడానికి ఆధారం కాదు, పందిని ఇంకో దారిలో టెస్ట్ చేసినట్టే. అందుకే కడుపు ఖాళీగా ఉన్నవాటిని విడిగా పెట్టాం, వాటిలో క్యూలెక్స్ గుంపు ఒకటి పాజిటివ్ వచ్చింది. అది కొంచెం బరువున్న మాట, వైరస్ దోమ లోపల నిలిచిందని. పూర్తిగా చెప్పాలంటే దాని లాలాజలంలో వైరస్ చూడాలి, ఆ దోమ కుట్టి ఇంకో జంతువుకి ఎక్కించాలి, అది మేం చేయలేదు. ఆర్మిజెరెస్‌లో ఖాళీ కడుపు గుంపులన్నీ నెగటివ్, అయినా గుంట శుభ్రం చేయకుండా వదల్లేదు.

చేసిన పనులు పెద్ద గొప్పవేం కాదు. గుంట గట్ల మీద గడ్డి నరికించి గట్లు నిటారుగా చెక్కించాం, లార్వాలకి బీటీఐ అనే బాక్టీరియా మందు, చూలు షెడ్‌కీ మగపందుల షెడ్‌కీ సన్న వల, సాయంత్రం నుంచి ఫ్యాన్లు. మగపందులకి వృషణాలు వాచడం జేఈలో చూస్తాం, ఇక్కడ లేదు, అయినా వల ఖర్చు వాటి ఖరీదు ముందు ఎంత. జేఈ టీకా గెటాని ఆపదు, గుర్రాలకి జపాన్‌లో చంపిన వైరస్ టీకా ఉంది, పందులకి మేం వేయగలిగిందేమీ లేదు. అన్నిటికన్నా పని చేసే మార్గం అని నేననుకున్నది ఒకటే, తొలిచూలు పందుల్ని దోమల కాలంలో చూలు మొదటి సగంలో లేకుండా కట్టించే తేదీలు జరపడం. ఓనరుకి ఇది నచ్చలేదు, షెడ్లు ఖాళీగా ఉంటాయి కదా మరి. సగం జరిపారు. పక్కనే గుర్రాలు పెంచేవాళ్ళకి కూడా విషయం చెప్పి వచ్చాం.

తర్వాతి సీజన్‌కి నెల వయసు పిల్లల్ని కాదు, తల్లి యాంటీబాడీలు తగ్గిపోయిన నాలుగు నెలలు దాటిన పిల్లల్ని పదింటిని వల లేని ఒక షెడ్‌లో కాపలాకి పెట్టాం, వారం వారం రక్తం. ఆరో వారం రెండింట్లో పీసీఆర్ పాజిటివ్, ఎనిమిదో వారానికి పదిలో ఏడు సీరం పాజిటివ్. ఈతల షెడ్‌లో మాత్రం ఆ ఏడాది వణికే పిల్లలు లేవు, మమ్మీలు ఎప్పుడూ ఉండే అంతే. వలల వల్లనా, తేదీలు జరపడం వల్లనా, లేక అంతకు ముందు ఏడాది అన్నిటికీ తగిలి ఇమ్యూనిటీ వచ్చేయడం వల్లనా అంటే మూడోదానికే నా ఓటు, వల కొన్న ఓనరుకి మాత్రం ఆ మాట నచ్చలేదు.

మొన్న బయటి నుంచి కొత్తగా నలభై గిల్ట్‌లు (ఇంకా ఈనని ఆడపందులు) దింపారు. దిగిన రోజే రక్తం తీశాం, నలభైలో ముప్పై ఎనిమిది నెగటివ్. సూపర్‌వైజర్ ఈ మధ్య టేపు జేబులోనే పెట్టుకుని తిరుగుతున్నాడు.